నేటాలమ్మ

తిత్లీ పోయిన పదకొండో రోజు
లెక్కల కుర్రాడు వచ్చాడు మా తోటకి.
మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, చంకలో ఫారాల కట్ట,
పడిన కొబ్బరి మొద్దులు దాటుకుంటూ
తొక్కుడుబిళ్ళ ఆడుతున్నవాడిలా వచ్చాడు.

"కొబ్బరి ఎన్నండీ?"
నూట అరవై రెండు.
"జీడి?"
వేళ్ళు పైకి తేలినవన్నీ లెక్కపెట్టుకో నాయనా,
నాకు నోరు రావడం లేదు.

నూతి పక్క ఇసక దిబ్బ మీద
అది మాత్రం ఎప్పట్లాగే కూచుని ఉంది.
నడుమెత్తు కూడా లేదు.
సగం బోదె ఇసకలోనే దాచుకుని
చుట్టూ పళ్ళున్న ఆకులు చాపుకుని,
మేకలు సైతం దూరంనించే దండం పెట్టి పోయే చెట్టు.
నడిమిన మూడు పొత్తులు,
కుంపట్లోంచి ఇప్పుడే తీసినంత ఎరుపు.

"ఇదేటండీ? ఈత జాతా?"
నేటాలమ్మ, అన్నాను.

మా ముత్తవ్వ దాలమ్మ తెచ్చింది దీన్ని.
కరువులో కూలి దొరుకుతుందంటే ఓడెక్కింది.
మద్రాసు రేవులో ఒక గుమస్తా
ఆమె ఎత్తు కొలిచాడు,
ఎడమ చేతి పచ్చబొట్టు రాసుకున్నాడు,
పేరు పలక్క ఒక నంబరు ఇచ్చాడు.
పదేళ్ళు నేటాలులో చెరకు నరికి
వెనక్కొచ్చినప్పుడు
కొంగు ముడిలో డబ్బులు కావు, ఒక ఎర్ర గింజ.

అక్కడివాళ్ళు ఈ బోదెలోని గుజ్జు తీసి
నేలలో పాతి, పులియబెట్టి,
కడిగి, మళ్ళీ కడిగి
రొట్టె కాల్చుకుంటారట.
కడగడం చేతకాక తిన్నవాడు మంచం దిగడట.
"మన టెంకపిండి లాటిదే గదేటి,
ఇసం కడుక్కోని తినడం మనకి తెల్దేటి?"
అని నవ్విందట దాలమ్మ.
కరువు మళ్ళీ వస్తుందని ఆవిడకి గట్టి నమ్మకం.

వచ్చింది. రెండుసార్లు.
మొదటిసారికి చెట్టు అరచెయ్యంత,
రెండోసారికి మూరెడు.
ఎవరూ గొడ్డలి తియ్యలేదు.
తీస్తే ఒక్క పూట, అంతే.

మా తాత పెళ్ళికి మోకాలెత్తు,
మా నాన్న పెళ్ళికీ మోకాలెత్తే.
నాకు పదేళ్ళప్పుడు మొదటిసారి పొత్తు పగిలింది.
గింజలు ఇసకలో పెట్టాం, పేడలో పెట్టాం,
ఎవరో చెప్తే పాలు కూడా పోశాం.
ఒక్కటీ మొలవలేదు.
ఇచ్ఛాపురం నించి ఒక మేష్టారు వచ్చి
గింజ అడ్డంగా కోసి చూపించాడు.
"ఇది ఆడచెట్టమ్మా. మగది సముద్రం అవతల."
మా అమ్మ ఆ పగలంతా దానివైపు చూడలేదు.
సాయంత్రం మాత్రం రెండు బిందెలు ఎక్కువ పోసింది.

కుర్రాడు ఫారం ఇటు తిప్పాడు, అటు తిప్పాడు.
"పడిందాండీ?"
పడలేదు.
"పడనివాటికి గడి లేదండి."

దాలమ్మ నంబరు మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.
ఏ దేశపు బీరువాలోనో ఉండే ఉంటుంది,
ఎత్తుతో సహా, పచ్చబొట్టుతో సహా.
వెళ్ళిపోయినందుకు ఆవిడకి ఒక గడి దొరికింది.
ఉండిపోయినందుకు దీనికి లేదు.
ఎందుకో నవ్వొచ్చింది నాకు,
గాలివాన తర్వాత మొదటిసారి.
కుర్రాడు బెదిరిపోయాడు పాపం.

వెళ్తూ వెళ్తూ వంగి
రాలిన గింజ ఒకటి తీశాడు.
"ఉంచుకోనాండీ?"
మొలవదు బాబూ.
"తెల్సండి, ఇప్పుడే సెప్పారు గదేటి"
అని చొక్కా జేబులో వేసుకుని
మళ్ళీ మొద్దులు దాటుకుంటూ పోయాడు.

కొబ్బరి పిలకల బండి ఆ సాయంత్రమే వస్తుందన్నారు.
రాలేదు.
నూతిలో ఇంకా ఉప్పునీళ్ళే.
అవి పడేది తోట మొత్తంలో ఒక్కదానికే.
చేద వేశాను.